ఓచి బామ్మ ఫొటో

ఇమబారి రేవు వీధిలో షిగెమత్సు ఫొటో స్టూడియో తెలియనివారు లేరు. తండ్రి నుంచి వచ్చిన దుకాణం. ముప్పై ఏళ్ళకు పైగా షిగెమత్సుది ఒకటే పద్ధతి. రెండుసార్లు మీట నొక్కి, "చాలా బాగా వచ్చింది" అని, వారం తర్వాత రమ్మనేవాడు. బాగా వచ్చిందో లేదో ఆయనకూ తెలియదు. వారం దాకా ఎవరూ కాదనలేరు గనక ఆ మాట నిలబడేది.

ఫిల్ము కడిగే మందులు తెచ్చే మనిషి ఆ వ్యాపారం మానేసి నూడుల్స్ దుకాణం పెట్టుకున్నాక, షిగెమత్సు డిజిటల్ కెమెరా కొన్నాడు. ఫిల్ము కడిగే చీకటిగదిలో భార్య తోమియె వాషింగ్ మెషీన్ పెట్టించింది. ఆమె కంప్యూటర్ తరగతులకు కూడా వెళ్ళి, ఫొటోలు సరిదిద్దడం నేర్చుకుంది. ఆయన వెళ్ళలేదు.

కొత్త కెమెరాకు వచ్చిన మొదటి పెద్ద బేరం ఓచి వారిది. తువ్వాళ్ళ మిల్లు నడిపే మసనొబు తల్లికి ఎనభై ఎనిమిదో ఏడు వచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఆమెకు పసుపు కోటు, పసుపు టోపీ తొడిగి మధ్యలో కూర్చోబెట్టారు. కొడుకు, కోడలు, మనవలు చుట్టూ నిలబడ్డారు.

"చాలా బాగా వచ్చింది," అన్నాడు షిగెమత్సు.

"ఏదీ, చూపించండి," అంది కోడలు కిమికో.

చూపించక తప్పలేదు. కిమికోకు తన గడ్డం నచ్చలేదు. మళ్ళీ తీశాడు. మసనొబుకు తన పొట్ట నచ్చలేదు. మళ్ళీ తీశాడు. మనవరాలి జుట్టు, మనవడి మొటిమ. మధ్యాహ్నం బెంటో డబ్బాలు తెప్పించుకుని అక్కడే తిన్నారు. తిన్నాక పొట్ట సంగతి మళ్ళీ మొదటికొచ్చింది.

చివరికి అందరికీ నచ్చినది ఒకటి కుదిరింది. అందులో బామ్మ నిద్రపోతోంది.

"లేపమంటారా?" అన్నాడు షిగెమత్సు.

"వద్దండీ బాబూ, ఇంతకంటే బాగా నేను రాను," అంది కిమికో.

తెర వెనక నుంచి తోమియె తల బయటపెట్టింది. "పొద్దున తీసినదాంట్లోంచి బామ్మగారి కళ్ళు తెచ్చి ఇందులో పెట్టొచ్చు."

పెట్టింది. ఓచి వారు మురిసిపోయారు.

కొన్నాళ్ళకు బామ్మ ఒక్కతే, పసుపు కోటు, టోపీ మూటగట్టుకుని స్టూడియోకు వచ్చింది.

"ఏమయ్యా, ఆ ఫొటోలో నేను నిద్రపోయాను గదా?"

షిగెమత్సు తల వంచాడు. "అవునండీ."

"మావాడు వచ్చినవాళ్ళందరికీ అది చూపించి, అమ్మ ఎంత హుషారుగా ఉందో చూడండంటాడు. పక్కనే కూర్చున్న నావైపు ఒక్కడూ చూడడు. నాకొక్కదానికే ఒకటి తియ్యి. పోయాక పెట్టుకోవడానికి. వాళ్ళకు వదిలేస్తే ఎవరి కళ్ళు పెడతారో ఏమో. పాత కెమెరాతో తియ్యి."

"కుదరదండీ. ఆ గదిలో ఇప్పుడు బట్టలు ఉతుకుతున్నాం."

"సరే, దీంతోనే కానియ్యి. నాకు మటుకు చూపించకు. చూస్తే నాకూ పట్టుకుంటుంది ఆ పిచ్చి."

బామ్మ కోటూ టోపీ తొడుక్కునేలోగా షిగెమత్సు కెమెరా వెనక తెరకు నల్ల టేపు అంటించి, రెండుసార్లు మీట నొక్కాడు. "చాలా బాగా వచ్చింది."

"నీకెలా తెలుసు?"

"తెలియదండీ."

బామ్మ పకపకా నవ్వింది. షిగెమత్సు ఎన్నడూ లేనిది, ఎవరూ అడక్కుండానే మూడోసారి నొక్కాడు.

ఆ వారమంతా ఆయన మనసు కెమెరా దగ్గరే ఉంది. "చూస్తే ఎవరొద్దన్నారండీ?" అంది తోమియె. "ఇంకా గడువు కాలేదు," అన్నాడు.

గడువు తీరాక చూస్తే, మూడో ఫొటోలో బామ్మకు కళ్ళే లేవు. నవ్వులో మునిగిపోయాయి. మిగిలిన మూడు పళ్ళూ బయటే ఉన్నాయి.

"సరిచెయ్యమంటారా?" అంది తోమియె.

"ముట్టుకోకు," అన్నాడు షిగెమత్సు.

బామ్మ వచ్చి ఫొటోను చాలాసేపు చూసింది. "టోపీ వంకరగా ఉంది."

"మళ్ళీ తియ్యమంటారా?"

"వద్దు. ఇంటికెళ్ళి చేపలు కాల్చాలి," అని ఫొటో పట్టుకుని వెళ్ళిపోయింది.

టేపును షిగెమత్సు మళ్ళీ తియ్యలేదు. అడిగినవాళ్ళకు తెర పాడైందని చెప్పేవాడు. కొందరు వేరే స్టూడియో చూసుకున్నారు. మిగిలినవాళ్ళు గొణుక్కుంటూనే వస్తుండేవారు.

ఆ తర్వాత నాలుగేళ్ళకు బామ్మ పోయింది. అంత్యక్రియల్లో పువ్వుల మధ్య ఆ ఫొటోనే పెట్టారు. అగరు ధూపం వెయ్యడానికి వరసలో వచ్చినవాళ్ళు తల ఎత్తి చూడటం, నవ్వు ఆపుకోలేక జేబురుమాళ్ళు నోటికి అడ్డం పెట్టుకోవడం. మసనొబు కూడా నవ్వాడు, ఆ తర్వాత గట్టిగా ఏడ్చాడు. బౌద్ధ గురువు మంత్రం ఆపి, జనం సర్దుకునేదాకా కాచుకున్నాడు. వెనక వరసలో కూర్చున్న షిగెమత్సు, తన వంతు రాగానే లేచి, ఫొటో ముందు తల వంచి, "చాలా బాగా వచ్చింది," అన్నాడు.