ఇస్త్రీ తిన్న బిల్లు

ఇస్త్రీ మేస్త్రికి మడత కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. రోజూ పదిమంది చొక్కాలు చదును చేసే మనిషి, ఆ పూట కొట్టు మూసి, ఇంట్లో కాగితాల పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. వాషింగ్ మెషిన్ మోటారు పోయింది. మెకానిక్ మధ్యాహ్నం వస్తానన్నాడు. గ్యారెంటీ ఈ నెలాఖరుతో సరి. కొన్న బిల్లు చూపిస్తే ఊరికే బాగుచేస్తారు, లేదంటే కొత్త మోటారు కొనాలి, ఆ స్తోమత లేదు. భార్యకేమో భుజం పట్టేసి, తడి బట్ట పిండటమే గగనమైపోయింది.

ఎలాగూ పెట్టె తెరిచాం కదా అని ఆమె పనికిరానివి ఏరడం మొదలుపెట్టింది.

"ఈ కరెంటు బిల్లులెందుకండీ? ఆ ఇల్లే పడగొట్టేశారు."

"ఉండనీవే. రేపెవరైనా అడిగితే?"

"అడిగేవాడు ముందు ఆ ఇల్లెక్కడుందో చూపించాలి."

మేస్త్రి నవ్వి వాటిని పారేసే కుప్పలో వేశాడు. ఉంచాల్సినవాటిని మాత్రం ఒక్కొక్కటే ఇస్త్రీ చేసి అట్టలో పెడుతున్నాడు. పిల్ల మార్కుల కాగితం, ఇంటి పన్ను రసీదు, అన్నీ పెళ్లికొడుకుల్లా తయారయ్యాయి. అడుగున మెషిన్ బిల్లు దొరికింది, ఉండలా నలిగిపోయి. ఆమె పొయ్యి కట్టేసి వచ్చేలోగా దాని మీద కూడా ఇస్త్రీపెట్టె ఆనించాడు.

అంతే, కాగితమంతా నల్లబడిపోయింది. అక్షరమన్నది మిగల్లేదు.

"అదేంటండీ?"

"బిల్లే. వేడి తగిలితే ఇలా అవుద్దని నాకేం తెలుసు?"

"నా పట్టుచీర కాల్చినప్పుడూ ఇదే మాట."

"అది అంచేగా."

ఆమె భుజం పట్టుకుని చాప మీద కూలబడింది. మేస్త్రి నల్ల బిల్లుని పారేసే కుప్పలో వేశాడు. ఆమే అంది, "మెషిన్ అమ్మిన కొట్టువాడు దళసరి గ్యారెంటీ కార్డొకటి ఇచ్చాడు కదూ, ముద్ర వేసి?"

"అవునే. ఏదది?"

"మెషిన్ గెంతుతోందని మడిచి దాని కాలు కింద పెట్టా."

మెకానిక్ వచ్చి మెషిన్ ఓ పక్కకి ఒరిగించాడు. మేస్త్రి వంగి కార్డు లాగాడు. నాలుగు మడతలు, అంచులు చెమ్మగిల్లాయి. కొన్న తేదీ, కొట్టు ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇది చాలు బాబాయ్. రేపు మోటారు తెచ్చి వేస్తా," అన్నాడు మెకానిక్.

"ఉండు, మడతలు తీసి..." అని మేస్త్రి వెనక్కి తిరిగేసరికి ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి పట్టుకుని ఉంది.

"దాని జోలికెళ్లారంటే రేపట్నుంచి బట్టలు మీరే ఉతకాలి."

మెకానిక్ వెళ్లాక మెషిన్ మళ్లీ కుంటుతూ నిలబడింది. మేస్త్రి పారేసే కుప్పలోంచి నల్ల బిల్లు తీశాడు. నాలుగు మడతలు వేసి, ప్రతి మడతనీ గోటితో గట్టిగా నొక్కి, మెషిన్ కాలు కిందికి తోశాడు.