చొక్కా మీద రెండేసి మాటలు

ఆ హోటల్ నేలమాళిగలో బట్టలు ఉతికే గది ఉండేది. అందులో ఆవిరి ఎంత దట్టంగా ఉండేదంటే, టోపీ పెట్టుకుని లోపలికి వెళ్లిన మరమ్మతు మనిషి ఒకడు వట్టి తలతో బయటికొచ్చాడు. ఆ టోపీ మూడో రోజున, కాస్త సాగి, తీరిగ్గా తనంతట తానే తలుపు దాటి వచ్చిందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నమ్మకపోతే టోపీకి వచ్చిన నష్టమేమీ లేదు.

ఆ ఆవిరిలో పద్దెనిమిదేళ్లుగా చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న మనిషిని అందరూ అక్కయ్య అనేవారు. ఆమెకంటే పెద్దవాళ్లూ అలాగే పిలిచేవారు. చేతిలో కాలే ఇస్త్రీపెట్టె ఉన్న మనిషితో వయసు గురించి వాదం పెట్టుకునేదెవరు?

మధ్యాహ్నం దాటితే అక్కయ్యకు అది గదిలా అనిపించేది కాదు. దుప్పట్లు మబ్బుల్లా కదిలేవి. తీగ మీది చొక్కాలు ఎవరినో రమ్మన్నట్టు చేతులు ఊపేవి. సాయంత్రం వీధిలోకి వచ్చాక కాసేపు అది ఏ ఊరో, తాను ఏ ఇంటికి పోవాలో ఆమెకు తోచేది కాదు. గోడకు చెయ్యి ఆనించి నిలబడితే ఊరు మెల్లగా తిరిగొచ్చేది. అదేమంత కష్టం కాదు. కష్టమల్లా ఊపిరితోనే వచ్చింది. ఈ ఏడాది మెట్లెక్కితే ఆయాసం, నవ్వితే దగ్గు. చలికాలం లోపు ఆవిరి మానెయ్యకపోతే ఆ తర్వాత మందులు నీ మాట వినవని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

ఆవిరి మానడానికి దారి ఒక్కటే. ఉతికే గది బయట ఒక అద్దాల గది, అందులో ఒక ఫోను, ఒక కుర్చీ. పై గదుల్లో దిగినవాళ్లు బట్టల సంగతి అడిగితే జవాబు చెప్పే ఉద్యోగం అది. ఆ కుర్చీలో ఉన్న పెద్దావిడ నెలాఖరుకు పని మానేస్తోంది. అక్కయ్య ధైర్యం చేసి అడిగితే మేనేజరమ్మ ఔననలేదు, కాదనలేదు. శుక్రవారం పరీక్ష పెడతాను, నాలుగు ఫోన్లకు ఇంగ్లీషులో జవాబు చెప్పు, చెబితే కుర్చీ, లేకపోతే ఇస్త్రీబల్ల అంది.

అక్కయ్యకు తెలిసిన ఇంగ్లీషల్లా చొక్కా మెడ వెనక కుట్టిన చీటీలో పట్టేంతే.

ఇంట్లో మామగారు ఉన్నారు. ముప్పై ఏళ్లు లిఫ్టు నడిపిన మనిషి. ఆయన ఇంగ్లీషంతా లిఫ్టులో చెవినపడ్డదే. అంతస్తుకీ అంతస్తుకీ నడుమ రెండు మాటలకు మించి పట్టవు. తలుపు తెరుచుకోగానే మిగతా వాక్యం జనంతో పాటు దిగిపోయేది. అందుకే ఆయన దగ్గర పోగుపడ్డవన్నీ జంటమాటలే. ఒకసారి ఇద్దరు రాజులు తన లిఫ్టులో యుద్ధానికి దిగితే, తాను వెనక్కి తిరిగి ‘కామ్ డౌన్’ అన్నాననీ, శాంతించమని దాని అర్థమనీ, పదో అంతస్తుకు చేరేలోగా వాళ్లు వియ్యమందారనీ చెప్పేవారు.

“ఆ మేడకు ఆరంతస్తులే కదండీ మామయ్యా?”

“సంబంధం కుదిరేదాకా ఎక్కిస్తూనే ఉన్నానమ్మాయ్. ఊళ్లో మేడ చిన్నదైతే నా తప్పా?”

ఆయన పాఠం అలాగే సాగింది. ఇంగ్లీషువాడు ఒక చిన్నమాటకు చిన్న తోక తగిలిస్తాడు, తోక మారితే జంతువే మారిపోతుందన్నారు. లుక్ అంటే చూడటం. లుక్ ఫర్ అంటే వెతకడం. లుక్ ఆఫ్టర్ అంటే బిడ్డనో ముసలివాణ్నో కనిపెట్టుకుని ఉండటం. ఇది చెప్పేటప్పుడు ఆయన ఖాళీ టీ గ్లాసును కోడలి వైపు కాస్త జరిపారు. లుక్ ఇంటు అంటే సంగతేమిటో కనుక్కోవడం.

మూడు రోజులు నేర్చుకుంది. నాలుగో రోజున చూసుకుంటే జల్లెడలో నీళ్లు. తన బుర్రలో ఏదీ నిలవదనీ, నిలిస్తే చేతుల్లోనే నిలుస్తుందనీ చెప్పి అక్కయ్య కళ్లు తుడుచుకుంది. పెద్దాయన గడ్డం గోక్కుని, అయితే బుర్రను వదిలేసి చేతులకే చెబుదామని తన పాత చొక్కా బల్ల మీద పరిచారు. ఆమె ఇస్త్రీ చేసే వరసలోనే మాటలు పేర్చారు. కాలరుకు ‘పికప్’, బట్టలు వచ్చి తీసుకుపోవడం. భుజానికి ‘హోల్డ్ ఆన్’, ఒక్క క్షణం ఆగడం. కఫ్‌కు ‘లుక్ ఇంటు’. పొడుగు చేతికి ‘సెండ్ అప్’, పైకి పంపడం. గుండీల పట్టీకి ‘రన్ ఔట్’, నిండుకోవడం. వీపుకు ‘కాల్ బ్యాక్’, మళ్లీ ఫోను చేయడం. చొక్కా అయిపోయింది గాని ఆయన దగ్గర ఇంకా బోలెడు మిగిలాయి. అవన్నీ రాత్రి అన్నాల దగ్గర కబుర్లలో ఖర్చయ్యాయి.

ఇక రోజుకు రెండు వందల చొక్కాలు, రెండు వందల పాఠాలు. ఆవిరిలో మాటలకు ఒళ్లు వచ్చింది. ‘హోల్డ్ ఆన్’ భుజం మీద పావురంలా వాలేది. ‘సెండ్ అప్’ చొక్కా చేతిలో దూరి, రెండో కొస నుంచి బయటపడి, పైకప్పు దాకా తేలిపోయేది. పైఅంతస్తులో నిద్రపోతున్నవాళ్ల మంచాలు దాని మీద ఊగుతున్నాయని అక్కయ్యకు అనిపించేది. పెదవులు వాటంతటవే కదిలేవి. వట్టి చేతులతో ఒక్కసారైనా అని చూడాలని మాత్రం కోడలికీ తోచలేదు, మామకూ తోచలేదు.

శుక్రవారం మేనేజరమ్మ కాగితం, పెన్సిలు పెట్టుకుని అద్దాల గదిలో కూర్చుంది. పైనుంచి ఆవిడ సహాయకుడు అతిథిలా ఫోను చేశాడు. నా ప్యాంటు ఏమైందని అడిగాడు. అక్కయ్యకు ప్రశ్న అర్థమైంది. జవాబు చెప్పాల్సిన చేతులు ఒళ్లో రెండు పిల్లుల్లా ముడుచుకుని పడుకున్నాయి. మేనేజరమ్మ కాగితం మీద ఒక ఇంటూ గుర్తు వేసింది. రెండో ఫోను, రెండో ఇంటూ.

“అమ్మగారూ, కుర్చీకి తగిలించిన మీ కోటు ఒకసారి ఇస్తారా?”

“చలేస్తోందా?”

“లేదండీ, మాట్లాడాలి.”

కోటు ఒళ్లో పడగానే చేతులు లేచాయి. మూడో ఫోనులో తువ్వాళ్లు అడిగారు. అక్కయ్య కాలరు దగ్గర మొదలుపెట్టింది. కావలసింది ‘సెండ్ అప్’ ఒక్కటే. కాని కాలరూ, భుజమూ, కఫ్‌లూ దాటకుండా కోటు పొడుగు చేతి మీదికి పోవడం ఆమె చేతుల వల్ల కాలేదు. ముందు వచ్చి తీసుకుపోతామంది, ఆగమంది, కనుక్కుంటామంది, ఆ తర్వాతే పంపుతామంది. చేతులు అక్కడా ఆగక గుండీల దాకా వెళ్లి, నిండుకున్నాయి కూడా అన్నాయి. తువ్వాళ్లు ఉన్నట్టా లేనట్టా అని పైనున్నవాడు దిగాలుగా అడిగాడు.

మేనేజరమ్మకు నవ్వు పెదవి దాకా వచ్చి వెనక్కి పోయింది. కోటు తీసుకుని తొడుక్కుంది.

“రోజూ ఎవరి కోటు తెచ్చివ్వను అక్కయ్యా?” అని మూడో ఇంటూ వేసింది.

ఫోను మళ్లీ మోగింది. నీ నాలుగోది, కానివ్వు అన్నట్టు మేనేజరమ్మ తల ఊపింది. అక్కయ్య ఎత్తింది.

పైనున్నవాడు కాదు. ఎవరో ముసలావిడ, సన్నటి గొంతు, నిద్ర ఇంకా వదలని గొంతు. గబగబా ఏదో చెప్పింది. అందులో అక్కయ్యకు దొరికింది ‘వోక్ అప్’ ఒక్కటే, మెలకువ వచ్చిందని. ఆ తర్వాతి వణుకు మాత్రం మొత్తం అర్థమైంది. లేచింది, ఇది ఏ ఊరో తెలియడం లేదు. ఆ వణుకు అక్కయ్యకు రోజూ సాయంత్రం పరిచయమే.

ఫోను జారిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది.

“హోల్డ్ ఆన్, అమ్మా. సిట్ డౌన్. స్లో డౌన్. నేనిక్కడే ఉన్నాను.”

ఆవిడ కూర్చున్న చప్పుడు వినిపించింది. ఊపిరి నెమ్మదించాక అక్కయ్య మెల్లగా ‘గెట్ అప్’ అంది, కిటికీ దాకా వెళ్లమంది, బయటికి చూడమంది. మామగారు అన్నాల దగ్గర ఖర్చుపెట్టిన మాటలన్నీ అడక్కుండానే వచ్చాయి. మధ్యలో చాలకపోతే తెలుగు వేసి నింపింది. ఆవిడా తన భాషలో ఏమి నింపిందో ఆవిడకే తెలియాలి. పసుపు బండి ఒకటి బయలుదేరిందట, ‘సెట్ ఆఫ్’. వీధి గడియారం మీంచి పిట్ట ఎగిరిపోయిందట, ‘ఫ్లై అవే’. పద్దెనిమిదేళ్లు ఆ మేడ కింద పనిచేసినా పైనుంచి ఆ వీధి ఎలా ఉంటుందో అక్కయ్య ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒక్కొక్క ఇల్లే తెచ్చి నిలబెట్టారు. చెప్పుల దుకాణం దగ్గరికి వచ్చేసరికి ముసలావిడ ఆగి, ఊరి పేరు తనే పలికి, చిన్నపిల్లలా నవ్వింది. నవ్విందే గాని ఫోను పెట్టలేదు. అక్కయ్యా పెట్టలేదు.

మేనేజరమ్మ పెన్సిలు కిందపెట్టి చాలాసేపు వింది. పైనుంచి సహాయకుడు దిగివచ్చి, లైను దొరకడం లేదు, నాలుగో ఫోను చేయాలా అని తలుపు దగ్గర అడిగాడు. మేనేజరమ్మ వేలు పెదవుల మీద పెట్టి పంపేసింది. మూడు ఇంటూలున్న కాగితం తిరగేసి, ‘సోమవారం నుంచి నువ్వే కూర్చో’ అని రాసి అక్కయ్య ముందుకు జరిపింది.

అక్కయ్య దాన్ని చూడకుండానే మోచేత్తో పక్కకు నెట్టింది. పైన కిటికీ దగ్గర ముసలావిడకు అప్పుడే వాన మొదలైంది.