సబ్బు చెయ్యి, బూడిద చెయ్యి

ఆనాటికి సోమలింగం చేతిలో ఉన్నవి మూడు: వలస వచ్చిన నవాగామ్‌లో అద్దెకు తీసుకున్న మెస్సు, రెండు పూటలా తినే ముప్పై ఇద్దరు మరమగ్గాల పనివాళ్లు, వాళ్లను పట్టి నిలిపిన బుచ్చవ్వ వంట. ఆ మూడోదే చేజారేటట్టుంది.

"కడుపునొచ్చి నలుగురం సాంచెల మీద పని బంద్ పెట్టినం సేటూ," అన్నాడు పరుశురాం, తినేవాళ్లందరి తరఫున. "గీమె బూడిదతోని చేతులు కడుగుతది. ఏ కాలంల ఉన్నం? ఆమెనన్న పంపు, లేకుంటె మేమన్న పోతం."

"గీ బూడిద చేతులతోనే మీ అయ్యకు బువ్వ పెట్టిన కొడుకా," అంది బుచ్చవ్వ పొయ్యి దగ్గర్నుంచి.

తూచకుండా సరుకు ధర కట్టడం సోమలింగానికి చేతకాదు. ల్యాబ్ కోర్సు చదువుతున్న మేనకోడలు నీరజను పిలిపించాడు. ఆమె మూతలున్న గాజు పళ్లాలు తెచ్చింది. అడుగున జున్నులా ఏదో గడ్డకట్టి ఉంది. చేతి మీది క్రిములు దానికి అంటితే రెండు రోజుల్లో చుక్కలై కంటికి కనిపిస్తాయట.

బుచ్చవ్వ పొయ్యిలో బూడిదతో రుద్ది కడిగి, చేతులు విదిలించి, ఆరాక వేళ్లు అద్దింది. పరుశురాం ఎర్ర సబ్బు నురగ తేలేదాకా కడిగి, కుళాయి పక్కన వేలాడే తువ్వాలతో తుడుచుకుని అద్దాడు.

మూడో నాడు చూస్తే బుచ్చవ్వ పళ్లెంలో తొమ్మిది చుక్కలు. పరుశురాం పళ్లెంలో అరవై దాటాక నీరజ లెక్క వదిలేసింది.

"పళ్లాలు తారుమారైనయ్!" అన్నాడు పరుశురాం.

"పేర్లు రాసున్నయ్ గదరా. చదువుకున్నోనివి, చదువుకో," అంది బుచ్చవ్వ.

సోమలింగం అప్పుడే తీర్పు చెప్పలేదు. ఒకరు ఆరబెట్టుకున్నారు, ఒకరు తుడుచుకున్నారు; తేడా సబ్బుదో తువ్వాలదో ఎలా తేలుతుంది?

"నీరజా, ఇంకో రెండు తే. పరుశురాం, రెండు చేతులు సబ్బుతోనే కడుగు. ఒకటి తుడువు, ఇంకోటి ఆరబెట్టు."

మళ్లీ రెండు రోజులకు చూస్తే ఆరిన చేతికి ఆరు చుక్కలు. తుడిచిన చేతికి మళ్లీ లెక్క లేదు.

తువ్వాల ముప్పై ఇద్దరిదీ. వారానికోసారి ఉతికేది, ఏ పూటా తడి ఆరనిది. మర్యాదగా ఉంటుందని దాన్ని అక్కడ కట్టింది సోమలింగమే.

"అయితే మా కడుపునొప్పి దీంతోనేనా?" అన్నాడు పరుశురాం.

"గది ఈ పళ్లెం చెప్పదన్నా," అంది నీరజ. "చేతి మీద ఏమున్నదో గంతే చెప్తది."

"అవ్వా, సబ్బు మూడు చుక్కలు మేలు," అన్నాడు సోమలింగం.

"మూడు చుక్కల కోసం సబ్బా? పోనీ, నువ్వు కొనిస్తే రుద్దుత."

తువ్వాల పొయ్యిలోకి పోయింది. నెల తిరిగేసరికి ఇద్దరు వేరే మెస్సు చూసుకున్నారు. ముప్పై మంది మిగిలారు, బుచ్చవ్వ మిగిలింది. కడిగిన చెయ్యి ఆరేదాకా అన్నం పళ్లెం ముట్టకూడదన్న కట్టుబాటు కొత్తగా వచ్చి చేరింది.