బాణం లేని గడి

దేశం తలుపులు బార్లా తెరిచిందని పేపర్లన్నీ మోగుతున్న రోజులవి. వేలూరులో ఇళ్లు కట్టే కాంట్రాక్టరు కృష్ణన్ కూడా కంప్యూటర్ కొన్నాడు. పనిని దానిలోకి ఎక్కించే ముందు, అది ఎలా నడుస్తోందో బొమ్మ గీయాలని మద్రాసు నుంచి గాయత్రి అనే అమ్మాయి వచ్చింది. మనిషికో గడి, మాట ఎటు పోతే అటు బాణం. అంతే, బ్రహ్మవిద్యేమీ కాదు. బొమ్మలో పని కనపడనివాళ్లను ఇంటికి పంపుతారని గుసగుసలు లేచాయి.

అవి మేనేజర్ దొరైస్వామి చెవినా పడ్డాయి. తనదాకా వస్తుందని ఆయన అనుకోలేదు. బాగాయం నుంచి గుడియాత్తం దాకా ఏ మేస్త్రీ ఎక్కడికి పోవాలో, ఏ స్లాబు ఎప్పుడు వేయాలో అంతా ఆయన నోటిమాటే. కృష్ణన్ సైటు మొహం చూసి ఎన్నాళ్లయిందో! అయినా యజమాని ఎదుట "నేను చేశాను" అనడం వాళ్లలో మర్యాద కాదు. మంచి జరిగితే అయ్యది, చెడిపోతే మనది. ఈ పాడు మర్యాదను అందరికీ నూరిపోసింది దొరైస్వామే.

గాయత్రి కృష్ణన్‌ను పక్కన కూర్చోబెట్టుకునే అందరినీ అడిగింది. "స్లాబు ఎప్పుడు వేయాలో ఎవరు చెప్తారు?"

"అయ్యే జెప్తాడమ్మా," అన్నాడు పెద్దమేస్త్రీ అణ్ణామలై. మిగతావాళ్లదీ అదే పాట. దొరైస్వామి వంతు వచ్చింది. "నాదేముండాదమ్మా, అంతా అయ్య దయ," అని చేతులు కట్టుకున్నాడు. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది? విన్నది విన్నట్టు గీసింది.

మర్నాడు బొమ్మ గోడకెక్కింది. బాణాలన్నీ కృష్ణన్ గడి నుంచే బయల్దేరాయి. దొరైస్వామి గడికి ఒక్కటీ లేదు. నిజమేమిటో కృష్ణన్‌కు తెలియదా? నిక్షేపంగా తెలుసు. కానీ బొమ్మలో తనను చూసుకుని మురిసిపోయాడు.

"వయసైపోయినాది గదప్పా, ఇంక ఇంటికాడ నిమ్మదిగా ఉండు," అన్నాడు.

దొరైస్వామి గోడమీది బొమ్మకేసి చూశాడు. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? నోరు తెరవబోయాడు. ఏళ్లనాటి అలవాటు అడ్డొచ్చింది. "సరే అయ్యా," అని బయటికొచ్చాడు.

అణ్ణామలై వెనకే పరిగెత్తాడు. "అన్నా, పనంతా నువ్వే జేస్తాండావని మాకు దెలీదా!"

"ఆ మాట లోపల జెప్పుంటే నీ సొమ్మేం పోయుండురా?"

"నువ్వే జెప్పుకోనప్పుడు మేమెట్ల జెప్పేదన్నా? అయ్యకి తక్కువ గాదా?"

దొరైస్వామి నోటినిండా తిట్లున్నాయి. వాటిని ఎవరిమీద వేయాలో తెలియక, బస్సు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.