దిగరాదు

నేను ఒక హెచ్చరిక బోర్డును. మీరంటే నాకు పడదు. ఈ మాట మొదటే చెప్పేస్తే ఇద్దరికీ మంచిది.

పుట్టినప్పుడు నేను తారు డ్రమ్మును. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు వేసినవాళ్లు నన్ను పారేసి పోతే, కత్తుల బుల్లెమ్మ బస్సు మీద వేయించుకుని రంపచోడవరం పట్టుకెళ్లింది. అక్కడ నన్ను కోయించి, సాపు చేయించి, పెయింటర్ ఏసుపాదం చేత రాయించింది: ‘ప్రమాదం. లోతు ముప్పై అడుగులు. ఇక్కడ దిగరాదు.’ కింద ఓ పుర్రె బొమ్మ. పాపం, పెళ్లిళ్లకు బోర్డులు రాసే చెయ్యి ఏసుపాదానిది. నా పుర్రె కాస్త నవ్వుతున్నట్టు ఉంటుంది. నాకది తలవంపులే.

బుల్లెమ్మ ఘాట్ రోడ్డు పక్కన బొంగు చికెన్ అమ్ముతుంది. రోడ్డు దిగి కాస్త నడిస్తే ఏరు, ఇసుక తిన్నె, మీరంతా గుడారాలు వేసుకునే చోటు. తిన్నె చివర నీళ్లు కదలకుండా, ఎంతో బుద్ధిగా ఉంటాయి. అక్కడే మడుగు. అందులో మునిగిపోతున్న ఓ టూరిస్టును ఒడ్డుకు తోసిన బుల్లెమ్మ మొగుడు, తాను పైకి రాలేదు. ఒడ్డెక్కినవాడు ఆ మధ్యాహ్నమే కారెక్కి వెళ్లిపోయాడు. పేరు కూడా చెప్పలేదు. నెల తిరగకుండా ఆవిడ నన్ను ఇనుప గొట్టానికి బిగించి, మడుగు పక్కన నిలబెట్టింది.

అప్పటి నుంచి మీ మర్యాదలన్నీ చూశాను. నా మీద తడి తువ్వాళ్లు ఆరేశారు. పుర్రెకు కళ్లజోడు పెట్టి ఫోటోలు దిగారు. అయినా చదివారు, దిగలేదు. అదే చాలనుకున్నాను.

ఓ ఆదివారం రాజమండ్రి నుంచి వంశీధర్ అనేవాడు ముగ్గురు స్నేహితులతో కారులో వచ్చాడు. బొంగుల్లో కూరడానికి కోడిని ముక్కలు కొట్టాలి. పీట మరిచిపోయారు. చుట్టూ అన్ని బండలుండగా వాళ్ల కళ్లకు నేనే కనిపించాను. గొట్టం నుంచి ఊడబెరికి, వెల్లకిలా పడేసి, నా ముఖం మీదే నరికారు. తిన్నాక మళ్లీ బిగిస్తారేమో అనుకున్నాను, వెర్రిదాన్ని.

"దీన్ని మన మేడమీద గదిలో పెడితే అదిరిపోద్దిరా" అన్నాడు వంశీధర్.

ఘాట్ రోడ్డు మలుపులన్నీ డిక్కీలో దొర్లుకుంటూ రాజమండ్రి చేరాను. నన్ను గోడకు కొట్టి, చుట్టూ రంగు దీపాల తీగ చుట్టారు. వచ్చినవాళ్లందరూ నన్ను చూసి నవ్విపోయారు. నేను లేని మడుగు సంగతి ఒక్కడూ అడగలేదు.

నాలుగు వారాల తర్వాత, ఇంకో ఆదివారం పొద్దున, వంశీధర్ బావమరిది సాత్విక్ ఫోన్ చేశాడు. కాలేజీ స్నేహితులతో అక్కడికే వెళ్లాడు. చోటు చెప్పి పంపింది వంశీధరే.

"బావా, ఈ బండరాయి ఎక్కితే ఒక్క గీత సిగ్నల్ వస్తంది. ఆ చివర్న నీళ్లు సూపరున్నాయి. బోర్డు గీర్డు ఏమీ లేదు. దిగొచ్చుగా?"

వంశీధర్ నా వైపు చూశాడు. తెచ్చిన ఇన్నాళ్లకు నన్ను అప్పుడు చదివాడు.

"ఒరే సాత్వికా, దిగొద్దురా!" అని అరిచాడు. అప్పటికే ఫోన్ తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

దీపాల తీగతో సహా నన్ను గోడ నుంచి పీకాడు. రెండున్నర గంటల దారి. పక్క సీట్లో నేను. గోకవరం దాటాక ఏడుస్తూ నడిపాడు. నాకు జాలి వేయలేదు. ఆ కుర్రాడికి ఏమైనా అయితే అవనీ, అప్పుడు గానీ వీళ్లకు తెలిసిరాదు అనుకున్నాను. ఔను, అనుకున్నాను. దాచడం దేనికి?

నన్ను చంకన పెట్టుకుని ఏటి ఒడ్డుకు పరిగెత్తాడు. సాత్విక్ గుడారం ముందు కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద తడి లేదు. నుదుటి మీద బొప్పి ఉంది.

"చూడు బావా! ఆవిడెవరో, నీళ్లలో కాలెడితే చాలు, రాళ్లుచ్చుకు కొడతంది!"

నేను ఉండాల్సిన చోట బుల్లెమ్మ కూర్చుని ఉంది. ఒడి నిండా గులకరాళ్లు. లేచి వచ్చి నా మీది కత్తిగాట్లను వేలితో తడిమింది.

"నువ్వేనా అట్టుకుపోయినోడివి?"

వంశీధర్ తల దించుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా."

"ఆదివారం వత్తే కొట్టు కట్టేసి ఈడే కూకుంటన్నాను. కట్టు దాన్ని."

గొట్టం అక్కడే ఉంది. నాతో ఊడి వచ్చిన రంగు దీపాల తీగతోనే నన్ను కట్టాడు.

"ఇంకా గట్టిగా" అంది బుల్లెమ్మ. అతను విప్పి మళ్లీ కట్టాడు.

నేను తిరిగొచ్చాను కదా, ఇక కొట్టు తెరుచుకుంటుందిలే అనుకున్నాను. మరుసటి ఆదివారం కూడా ఆవిడ వచ్చింది. నా గొట్టానికి ఆనుకుని, ఒడిలో రాళ్లు పోసుకుని కూర్చుంది. ప్రతి ఆదివారం వస్తూనే ఉంది. మీరు నన్ను చదువుతారన్న నమ్మకం ఆవిడకు పోయింది. అందుకు ఆవిడ మీద నాకు కోపం లేదు.

ఈసారి ఇటు వస్తే నన్ను చదవండి. చదవకపోయినా ఫర్వాలేదు. బుల్లెమ్మ గురి తప్పదు.