సోఫా వీడియోలో గొంతు

"అందులో ఏముంది, వీడియోకి పాటేగా. ఏదో ఒకటి తగిలించి పడెయ్," అంటూ భర్త ఫోను ఆమె ఒళ్లో పెట్టాడు. ఒళ్లో అప్పటికే సగం కుట్టిన నీలం గుడ్డ ఉంది. పెదాల మధ్య రెండు గుండుసూదులు ఉన్నాయి. కాబట్టి ఆమె జవాబు చెప్పలేదు. సూదులు లేకపోయినా చెప్పేది కాదనుకోండి, అది వేరే సంగతి.

వాళ్లది పాత సోఫాలకీ కుర్చీలకీ కొత్త బట్ట తొడిగే షాపు. ముందుగది షాపు, వెనకగదులు ఇల్లు. భర్త పాత కవరు పీకుతాడు, స్పాంజి మారుస్తాడు, వచ్చినవాళ్లతో మాట్లాడతాడు. కవర్లన్నీ ఆమే కుడుతుంది. బోర్డు మీద మాత్రం ఆయన పేరు, ఆయన తండ్రి పేరు ఉన్నాయి. షాపుకి ఫోన్లో ఒక పేజీ తెరిచాక వీడియోల పని కూడా నడుచుకుంటూ వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. స్ప్రింగులు బయటపడ్డ సోఫా లోపలికి రావడం, పెళ్లికూతురిలా ముస్తాబై బయటికి పోవడం, అంతా అర నిమిషంలో అయిపోవాలి. దానికి తగ్గ పాట కావాలి. చింకి కవరు చూపించేటప్పుడు మెల్లగా నడవాలి, కొత్త గుడ్డ పరిచే క్షణానికి దరువు అందుకోవాలి. ఆ తునక ఏ పాటలో ఎక్కడుందో వెతకడానికి ఎన్ని పాటలు వినాలో ఆమెకే తెలుసు, అదీ పొయ్యి మీద కూర మాడకుండా. ఒక్క షాపుదే అయితే సరే. ఆడపడుచు కేకులు చేసి అమ్ముతుంది, "వదినా, ఈ కేకుకి ఏదైనా హుషారుగా ఉన్నది పెట్టి పంపవూ" అంటుంది. అత్తగారి పూలకుండీలకీ పాట కావాలి. ఇంత చేశాక ఇంటికి వచ్చినవాళ్లతో అత్తగారు అనే మాట ఒకటుంది: "మా కోడలికేం, పొద్దస్తమానం ఫోను పట్టుకుని పాటలు వింటూ ఉంటుంది."

ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. పని చేస్తున్నప్పుడు కూడా ఖాళీగా ఉన్నట్టు కనిపించే పనులు కొన్ని ఉంటాయి. వెతికి వెతికి అవన్నీ ఆడవాళ్ల నెత్తినే రుద్దుతారు కాబోలు అనుకునేది. అనుకుని, మిషను ముందు కూర్చుని, ఏదో కూనిరాగం తీసుకునేది. ఆ రాగం ఎక్కడా విన్నది కాదు. తిన్నని కుట్టు మీద మిషను పరిగెత్తుతుంటే రాగమూ పరిగెత్తేది, మూల తిరిగేచోట ఆగి ఒక దీర్ఘం తీసేది. "ఆ మూలుగులేంటమ్మా, షాపుకొచ్చినవాళ్లు ఏమనుకుంటారు?" అని అత్తగారు వంటింట్లోంచి అరిచేదాకా అలా సాగేది.

అలా ఉండగా ఒకరోజు బూడిదరంగు సోఫా వీడియో మూగదైపోయింది. పాట భర్తే ఎంచుకున్నాడు, కొత్త సినిమాది. వ్యాపారం చేసే పేజీలు ఆ పాట వాడకూడదట, శబ్దం మొత్తం తీసేశారు. సోఫా అలా నోరు నొక్కేసినట్టు తిరుగుతోంది.

"ఏం చేశావ్ దీన్ని?" అన్నాడు.

"ఆ పాట వద్దన్నాను కదండీ. షాపులకి వేరే పాటలుంటాయి, అందులోంచే తీసుకోవాలి. ఈ దిండు మూల కుట్టేసి చూస్తాను, కాసేపు ఆగండి."

"కాసేపా! ఒక్క బటన్ నొక్కడానికి కాసేపెందుకు? ఇలా తే, నేనే పెట్టేస్తా."

ఆమె ఫోను ఇచ్చేసింది. అక్కడ రెండు గీతలుంటాయని, ఒకటి కెమెరా పట్టుకున్న శబ్దానిదని, రెండోది పాటదని, మొదటిది పూర్తిగా తగ్గించి రెండోది పెంచాలని చెప్పబోయింది. ఆయన వినేదెక్కడ? పాటది పూర్తిగా తగ్గించి, కెమెరాది పూర్తిగా పెంచి, వీడియో పెట్టేసి, సోఫా బండికెక్కించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు టిఫిను దగ్గర ఫోను కుదురుగా ఉండటం లేదు, టేబుల్ మీద అదే పనిగా గిలగిల్లాడుతోంది. ఆడపడుచు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఆ సోఫా వీడియోలో పాట ఎవరిది? మా వీధంతా అదే వింటున్నారు!"

ఆమె తీసి చూసింది. వీడియో తీసినప్పుడు వెనకాల తను కుడుతున్న మిషను టకటకలాడుతోంది. దాని మీద తన గొంతు, మూతి ముడుచుకుని తీసిన కూనిరాగం, మూల దగ్గర దీర్ఘం. సరిగ్గా కొత్త గుడ్డ పరిచేచోట మిషను టక్కున ఆగింది. "చచ్చాను, దారం అయిపోయింది" అని తనే అనుకుని, తనే నవ్వి, మళ్లీ అందుకుంది. ముందు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. తర్వాత మళ్లీ ఒకసారి విన్నది. బాగుంది. నిజంగా బాగుంది. పాత రోజుల్లో తప్పిపోయిన స్నేహితురాలు ఎదురుపడ్డట్టు అనిపించి ఇంకోసారి విన్నది.

ఆ శబ్దాన్ని ఎవరెవరో తీసుకుని తమ వీడియోలకు పెట్టుకుంటున్నారు. పసివాడికి తలంటుతున్న తండ్రి "చచ్చాను" దగ్గర ఖాళీ షాంపూ సీసా తలకిందులు చేసి చూపించాడు. గోడకి రంగు వేస్తున్న ఆడవాళ్లు ఖాళీ డబ్బా ఊపి పకపకా నవ్వారు. బస్సు అద్దాలు తుడుస్తున్న డ్రైవరు ఎండిన బకెట్టు నెత్తిన బోర్లించుకున్నాడు. ఆమె స్పాంజి ముక్కల గుట్ట మీద వెనక్కి వాలి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ముక్కూ మొహం తెలియని వాళ్లు తన గొంతుతో ఆడుకుంటున్నారు! ఇంత సంతోషం పట్టడానికి ఛాతీ చాలదేమో అనిపించింది.

అప్పుడు తమ సోఫా వీడియో కింద జనం రాసినవి చదివింది. "ఎవరిదండీ ఈ గొంతు?" అని కుప్పలుగా అడిగారు. షాపు పేజీ నుంచి భర్త జవాబిచ్చాడు: "మా షాపు టీమ్ గొంతు అండీ. ధన్యవాదాలు."

"టీమ్ అంటే ఎవరండీ?" అని అడిగింది.

"అంటే, మనమే కదా."

"అందులో మీరు ఏ చరణం పాడారు?"

ఆయన నవ్వేశాడు. "నీ పేరు రాస్తే ఎవడెవడో మెసేజులు పెడతాడు, ఎందుకొచ్చిన గొడవ. అది కాదు గానీ, ఇకనుంచి అలా కూసి పడెయ్. చెల్లి కేకులకొకటి, మన షాపుకి వారానికో రెండు. నీకు అదెంతసేపు పని?"

కూసి పడెయ్! ఆయన కోపంగా అనలేదు, ముద్దుగానే అన్నాడు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. ఇన్నేళ్లూ తన కుట్లు షాపు పేరుతో గడప దాటాయి. ఏ సోఫా ఎత్తి చూసినా తన చెయ్యి పడ్డ జాడ ఎవరికీ తెలియదు. సరే, గుడ్డ షాపుది, దారం షాపుది. గొంతు ఎవరు కొని తెచ్చారు? ఇది కూడా వదిలేస్తే రేపు తను నవ్వినా షాపు నవ్విందనే అంటారు. వదలకూడదు అనుకుంది. అనుకోగానే ఆశ్చర్యంగా భయం వేయలేదు, ఆకలి వేసింది. చల్లారిన టిఫినంతా తినేసింది.

మధ్యాహ్నం తన పేరుతో ఒక పేజీ తెరిచింది. బడిలో హాజరు పిలిచినప్పుడు పలికే పేరు, మొత్తం పేరు. ఫోను మిషను ఎదురుగా నిలబెట్టి ఈసారి మూతి ముడుచుకోకుండా, నోరు తెరిచి, మాటలతో పాడింది. "లేవే కుర్చీ, లేచి నిలబడవే, నీకు కొత్త గౌను కుట్టాను" అని నోటికి వచ్చింది వచ్చినట్టు. పెట్టేసింది.

సాయంత్రానికి ఇంట్లో తెలిసింది. "షాపు పేజీలోనే పెట్టొచ్చుగా! నీదీ నాదీ వేరా?" అన్నాడు భర్త.

"వేరు కాకపోతే, నా దాంట్లో ఉంటే మాత్రం ఏమవుతుంది?"

ఆయన స్పాంజి కోసే కత్తి కోసం వెతుక్కున్నాడు. కత్తి ఆయన చేతిలోనే ఉంది.

అత్తగారు మాత్రం ఊరుకోలేదు, చేతిలో ఫోనుతో వచ్చారు. "మా కోడలు మొదట్నుంచీ బాగా పాడుతుందని పక్కింటావిడతో చెప్పాను. నా కుండీలకి ఆ కుర్చీ పాట పెట్టవే."

"మీరే పెట్టుకోండత్తయ్యా. నేర్పిస్తాను, రండి."

"నాకొస్తుందా?"

"మీ అబ్బాయికన్నా తొందరగానే వస్తుంది."

అత్తగారు కళ్లద్దాలు సర్దుకుని కూర్చున్నారు. ఏ గీత తగ్గించాలో, ఏది పెంచాలో రెండుసార్లు అడిగారు, మూడోసారి తప్పులేకుండా పెట్టేశారు. మందారం వీడియో కింద చిన్న అక్షరాల్లో కోడలి పేరు కనపడింది. "ఇదేంటి, నీ పేరొచ్చింది?" అన్నారు.

"పాట ఎవరిదైతే వాళ్ల పేరు దానంతటదే వస్తుందత్తయ్యా."

"మంచిదేగా," అన్నారు ఆవిడ, ఇంకో కుండీ వైపు కెమెరా తిప్పుతూ.

ఆమె ఫోన్లో బూడిదరంగు సోఫా వీడియో దగ్గరికి వెనక్కి వెళ్లింది. ఎవరిదండీ ఈ గొంతు? మా షాపు టీమ్ గొంతు అండీ. ఆ జవాబు కింద, తన పేజీ నుంచి, "నాది" అని రాసింది. అంతే రాసింది.

కాసేపటికి ముందుగదిలోంచి భర్త గొంతు వినిపించింది. "ఏంటిది, నాది అని రాశావ్? ఇప్పుడు జనమంతా నువ్వెవరని అడగరూ?"

"అడగనివ్వండి," అంది ఆమె. "చెప్తాను."