సముద్రం వైపు పెనాల్టీ

మా దీవుల్లో ఎవరూ తలుపు కొట్టరు. తోసుకుని వంటింట్లోకి వచ్చేస్తారు, కాఫీ ఉందా అంటారు, లేదంటే తిట్టిపోస్తారు. తలుపు చప్పుడైందంటే వచ్చింది పాస్టరే, ఏదో పడవ మునిగిందన్నమాటే. అందుకే ఆ మధ్యాహ్నం తలుపు చప్పుడు వినగానే మా అమ్మ చేతిలో గరిటె వదిలేసి, "ఎవరు పోయార్రా?" అని కేక పెట్టింది.

తలుపు తీస్తే బయట మా బావ ట్రోండుర్. మా అక్క రాన్వాకి మొగుడు, మా ఫారో దీవుల ఫుట్‌బాల్ జట్టుకి కెప్టెను. పదేళ్లుగా మా ఇంట్లోకి బూట్లతో సహా దూసుకొచ్చేవాడు ఇవాళ వానలో నిలబడి తలుపు కొట్టాడు. నా ఒళ్లు మండింది.

"ఏం బావా, చెయ్యి నొప్పెట్టలేదా?"

"నీతో మాట్లాడాలి హెరీ. బయటికి రా."

సంగతి నాకు అర్థమైపోయింది. తెల్లారితే ఎస్టోనియాతో మ్యాచ్. ప్రపంచకప్ క్వాలిఫయింగ్ గ్రూపులో అదే ఆఖరిది. గెలిస్తే మాకు రెండో స్థానం, ప్లేఆఫ్ ఆడొచ్చు. డ్రా అయితే ఎప్పట్లాగే ఎవడి పడవ వాడు ఎక్కడమే. చేపలు పట్టుకునేవాళ్లం, బడిపంతుళ్లం, వడ్రంగులం కలిసి అంత దూరం వచ్చామంటే మాకే నమ్మకం కుదరడం లేదు. ఆ ఎస్టోనియా గోల్‌కీపర్ రైవో నాకు స్నేహితుడు. నార్వేలో ఇద్దరం ఒకే క్లబ్బుకి ఆడతాం, ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే గిన్నెలో వండుకుంటాం.

"పొద్దున వాళ్ల హోటల్‌కి వెళ్లావంట," అన్నాడు బావ. "కోటు కింద ఏదో దాచుకుని మరీ."

"మాంసం. అమ్మ ఎండబెట్టిన గొర్రె తొడ. వాడికి ఇష్టం. వాన పడుతుంటే కోటు కింద కాక నెత్తిన పెట్టుకోనా?"

"మాంసం ఒక్కటే ఇచ్చావా?"

"నీకు మా అక్కనే ఇచ్చాం కదా! అది చాలక ఇంకెవరికేం ఇచ్చానో ఆరా తీస్తున్నావా?"

వాడు నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాడే. నా కళ్లలోకి కాసేపు చూసి, కాలర్ పైకెత్తుకుని వెళ్లిపోయాడు. అమ్మ గుమ్మంలోంచి, "చెప్పేదేదో చెప్పి చావొచ్చుగా!" అంది. తలుపు కొట్టినవాడికి నేనెందుకు సంజాయిషీ చెప్పాలి? చెప్పలేదు. రోషం ముంచుకొచ్చింది నాకు.

నిజానికి చెప్పాల్సింది ఒకటుంది. చెప్పుకోవాలంటే సిగ్గేసే సంగతి.

మా మైదానానికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండ. మా బావ అక్కడ పెనాల్టీ ఎప్పుడూ సముద్రం వైపు మూలకే కొడతాడు. ఏ చివర గోల్‌పోస్టైనా సరే, గాలి ఎదురైనా సరే. "అన్నం పెట్టేది అటే కదా, గోలూ అటే," అంటాడు. బయటి ఊళ్లలో మాత్రం ఎటు తోస్తే అటు కొడతాడు. ఇది మా దీవుల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు, బయటివాడికి మాత్రం తెలియదు. ఎవరూ ఒట్టు వేయించుకోకపోయినా అందరం దాచిపెట్టుకున్న రహస్యం అది.

ఆ పొద్దున హోటల్లో రైవో మాంసం వాసన చూసి, కళ్లు మూసుకుని, "మీ అమ్మ చల్లగా ఉండాలి," అన్నాడు. ఆ వెంటనే తమాషాకి అన్నట్టు, "ఏరా, మీ బావ ఇక్కడ పెనాల్టీ ఎటు కొడతాడ్రా?" అన్నాడు.

వాడు నవ్వుతూనే అడిగాడు కానీ కళ్లు నవ్వడం లేదు. నేనూ నవ్వుతూనే, "కొండ వైపు. ఎప్పుడూ కొండ వైపే," అన్నాను.

"నిజంగా?"

"నీ దగ్గర అబద్ధమాడతానా?"

ఆడాను. అయిదేళ్లు కలిసి తిన్నవాడి మొహం మీద ఆడాను. అది మా బావ కోసం, మా జట్టు కోసం. వాడు మాంసం పొట్లం ఒళ్లో పెట్టుకుని నా మొహంలో ఏదో వెతికాడు. దొరికిందో లేదో నాకు తెలియలేదు. బయటికొస్తుంటే ఎదురుగా బేకరీ ముందు ఇద్దరు ఆడవాళ్లు మాటలు ఆపేసి నన్నే చూశారు. అంతే, ఊరంతా పాకిపోయింది.

మర్నాడు డ్రెస్సింగ్ రూమ్‌లో నా పక్క బెంచీ ఖాళీ. నేను వెళ్లగానే మాటలు ఆగిపోయాయి. "కాఫీ ఉందా?" అంటే, "నీ స్నేహితుడిని అడుగు," అన్నాడు మా సెంటర్ బ్యాక్. వాడి పీక పిసకాలనిపించింది. కానీ కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అని ఊరుకున్నాను.

ఆట ముగియబోతుండగా ఒకటి-ఒకటి. అప్పుడు మాకు పెనాల్టీ దొరికింది. స్టాండ్లలో జనం అరవడం కూడా మర్చిపోయారు.

బావ బంతి పెట్టాడు, గాలి దొర్లించింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ దొర్లింది. మా గాలి సంగతి తెలిసిందే, ఇలాంటప్పుడు జట్టులో ఒకడు నేల మీద బోర్లా పడుకుని వేలితో బంతిని పట్టుకోవాలి. బావకి ఎప్పుడూ పట్టేది నేనే. రెఫరీ సరేనన్నాడు. అలవాటు కొద్దీ వెళ్లి తడి గడ్డిలో పడుకుని బంతి మీద వేలు పెట్టాను.

బావ కదల్లేదు. చుట్టూ చూశాడు, ఇంకెవరైనా వస్తారేమోనని. రెఫరీ ఈల వేసి తొందరపెట్టాడు. అప్పుడు వంగి, బంతి సర్దుతున్నట్టు నా చెవి దగ్గర, "చెప్పావా లేదా?" అన్నాడు.

అక్కడ గోల్ గీత మీద రైవో. వాడికి నార్వే భాష వచ్చు, మా మాట సగం అర్థమైపోతుంది. వాడు బంతిని చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. వాడికి అబద్ధం చెప్పానంటే వాడే వినేస్తాడు. గడ్డిలో మొహం దాచుకుని గొణిగాను:

"సముద్రం వైపే కొట్టు బావా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఇంకేం, రహస్యం చెప్పేసొచ్చి అటే కొట్టమంటున్నానని ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. వాడి ఊపిరి మారడం నాకు వినిపించింది. లేచి వెనక్కి అడుగులు వేశాడు. వాడి బూటు చివర చూశాను, దేవుడా, కొండ వైపు తిరుగుతోంది. అరవాలనుకున్నాను. అరిస్తే పెనాల్టీ పోతుంది, అరవకపోతే కూడా పోతుంది.

కొట్టాడు, కొండ వైపు. రైవో అప్పటికే అటు దూకి ఉన్నాడు. బంతి వాడి రొమ్ములోకి వెళ్లి పడింది, సొంతింటికి చేరినట్టు.

ఆఖరి ఈల మోగినా నేను గడ్డి మీదే కూర్చున్నాను. ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను లేపి గట్టిగా వాటేసుకున్నారు. రైవో. ఏడుస్తున్నాడు.

"నన్ను క్షమించరా. అబద్ధం చెప్పావేమోనని రాత్రంతా అనుమానపడ్డాను. నువ్వు నిజమే చెప్పావు. నువ్వురా నాకు అసలైన స్నేహితుడివి!"

నార్వే భాషలో, అందరికీ వినపడేలా అన్నాడు. మా వాళ్లలో ఆ భాష అర్థం కానివాడు ఒక్కడూ లేడు. వాడి భుజం మీదుగా చూస్తే పక్కనే బావ నిలబడి ఉన్నాడు. తిట్టినా బాగుండేది. కెప్టెన్ పట్టీ చేతి మీంచి లాగేసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు అసలు సంగతి చెబితే ఎవడు నమ్ముతాడు? గోల్‌కీపరే స్వయంగా సాక్ష్యం చెప్పాక!

అయినా చెప్పితీరాలని సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. లోపల దీపం వెలుగుతోంది, ఉడికిన బంగాళదుంపల వాసన వస్తోంది. నేను పదేళ్లుగా మోచేత్తో తోసుకుని దూరే తలుపే. చెయ్యి తలుపు దాకా వెళ్లింది కానీ తోయలేకపోయింది. పిడికిలి బిగించి, మెల్లగా కొట్టాను.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. ఆ తర్వాత మా అక్క గొంతు.

"చూడు ట్రోండుర్, ఎవరో పరాయివాళ్లు వచ్చారు."